ఒక్కో తువ్వాలూ ఒక్కో నడక

"పాప కదలడం లేదు. ఊపిరి తీసుకుంటోందంటారా?"

మధ్యాహ్నం పూట, పాల డెయిరీ ల్యాబ్‌లో, ఒక చేత్తో టెస్ట్‌ట్యూబూ ఇంకో చేత్తో ఫోనూ పట్టుకుని నేనడిగిన ప్రశ్న ఇది. పక్క బల్ల దగ్గరున్న మా సీనియర్ మేడమ్ తలెత్తలేదు.

"నిద్రపోయే పిల్లలు కదలరు బాబూ. కదిలితే దాన్ని ఆట అంటారు," అంది.

ఫోన్‌లో మా పాప బఠాణీ గింజంత కనిపిస్తోంది. వేళ్ళతో లాగి పెద్దది చేశాను. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ మసకబారింది. రొమ్ము లేచి పడుతోందో, బొమ్మే అదురుతోందో తేల్చుకోలేకపోయాను. అంతలో పాప కాలు ఝాడించింది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఫోన్ జేబులో పెట్టి ట్యూబు వంక చూసేసరికి అందులో పాలు తెల్లగా ఉన్నాయి. పాలలో కలిపిన నీలం రంగు ఎంతసేపు నిలుస్తుందో కనిపెట్టుకుని ఉండడమే నా పని. ఆ రంగు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. పరీక్ష మళ్ళీ మొదటికొచ్చింది.

పాప పుట్టినప్పటినుంచీ నాకీ భయం ఉంది. కానీ క్రెష్‌లో కెమెరా పెట్టాక దానికి రెక్కలొచ్చాయి.

నేనూ నా భార్యా ఇద్దరం ఉద్యోగస్తులం. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పగలు పాపని ఉంచే క్రెష్ ఒక పాత మేడ. కింద ఆటల గది, వంటగది. పైన నిద్రగది. అందులో గోడవారగా ఊచలున్న చిన్న మంచాల వరస, కిటికీలకు లేత నీలం తెరలు, తలుపు పక్కన ఒక పొట్టి బల్ల. వరసకి ఆ చివర తువ్వాళ్ళు సర్దే అర.

ఆ గది పెద్దమ్మది. ఆవిడ అసలు పేరు ఆఫీసు గదిలో ఎక్కడో రాసుండాలి, ఎవరూ వాడగా నేను వినలేదు. పిల్లలకూ, తల్లిదండ్రులకూ, తనకన్నా వయసులో పెద్దదైన మేనేజరమ్మకూ కూడా ఆవిడ పెద్దమ్మే. కింద వంటగది చూసుకునేది ఆవిడ తోటికోడలు. ఆ లెక్కన ఆమె చిన్నమ్మ అయింది. పెద్దమ్మ సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడుస్తుంది. చిన్నమ్మ గుండ్రంగా ఉండి, నడవకుండానే అన్నిచోట్లా వినిపిస్తుంది.

పిల్లల్ని కూడా పెద్దమ్మ పేర్లతో పిలవదు. ఎప్పుడూ తుమ్మేవాడు తుమ్ములయ్య. అలిగి పడుకునేది బుంగమూతి. మా పాప నిద్రలో కూడా ఒక కన్ను సగం తెరిచి ఉంచుతుంది కాబట్టి పోలీసమ్మ. దాంతో నేను పోలీసమ్మ వాళ్ళ నాన్ననయ్యాను.

"పోలిక ఎక్కడికి పోతుంది లెండి," అంది చిన్నమ్మ ఒకసారి, గేటు దగ్గర కూడా ఫోన్ వదలని నన్ను చూసి.

కెమెరా కావాలని అడిగింది తల్లిదండ్రులమే. పెట్టిన రోజు అందరం సంబరపడ్డాం. తలుపు పైనుంచి గదంతా కనిపించేది. కానీ ఎప్పుడు చూసినా అందులో ముందు కనిపించేది పెద్దమ్మ వీపు. పొట్టి బల్ల దగ్గర నిలబడి ఉతికిన తువ్వాళ్ళు మడతపెడుతూ ఉండేది. ఒకటి మడతపెట్టడం, దాన్ని పట్టుకుని ఆ చివరి దాకా వెళ్ళడం, అరలో పెట్టి రావడం, మళ్ళీ ఇంకొకటి.

మా ఫోన్ గ్రూపులో మొదట రాసింది తుమ్ములయ్య వాళ్ళ నాన్న, లాయరుగారు. "నేను రోజూ చూస్తున్నాను. ఎప్పుడు చూసినా ఆవిడ వీపే, పిల్లల వంక తలెత్తి చూడ్డమే లేదు. మనం ఆవిణ్ణి పెట్టుకున్నది పిల్లల్ని చూడ్డానికా, తువ్వాళ్ళని చూడ్డానికా?"

ఇంకెవరో అందుకున్నారు. "పైగా ఒక్కొక్కటే మోసుకెళ్తోంది. దొంతరంతా ఒక్కసారి ఎత్తుకెళ్తే పోయేదానికి."

"డాక్టరు నడవమని చెప్పి ఉంటాడు."

దాని కింద నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. నాకు నవ్వు రాలేదు గానీ, ఫోన్‌లో కనిపిస్తున్నది వాళ్ళన్నట్టే ఉంది. కాదనడానికి నా దగ్గరేమీ లేదు.

మేనేజరమ్మ మాటలకన్నా పనే ఎక్కువ చేసే మనిషి. తువ్వాళ్ళు బయట లాండ్రీకి పంపించేసింది. అక్కణ్ణుంచి అవి మడతపెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి వచ్చేవి. నిద్రగదిలో మంచాలకు ఎదురుగా ఒక కుర్చీ వేయించింది. "పెద్దమ్మా, ఇక మీకు చూడ్డం తప్ప వేరే పనేం లేదు. హాయిగా కూర్చోండి," అంది.

మర్నాటినుంచే నిద్రలు చెడ్డాయి.

ల్యాబ్‌లోంచి చూస్తూనే ఉన్నాను. పెద్దమ్మ కుర్చీలో కూర్చుంటుంది. కాసేపటికి లేస్తుంది. ఒక మంచం మీదికి వంగి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఆ బిడ్డ కళ్ళు తెరుస్తుంది. ఒకరు ఏడుపందుకుంటే పక్కవాళ్ళు ఊరుకుంటారా? ఫోన్‌లో శబ్దం రాకపోయినా తెరిచిన నోళ్ళన్నీ కనిపిస్తూనే ఉండేవి.

సాయంత్రం పాప ఎర్రటి కళ్ళతో ఇంటికొచ్చేది. ఎత్తుకుంటే దించమని, దించితే ఎత్తుకోమని ఏడుపు. మొహం నా భుజానికేసి రుద్దీ రుద్దీ అలసి నిద్రపోయేది. గ్రూపులో లాయరుగారు మళ్ళీ రాశారు: "చూశారా? ఆవిడకి పిల్లల్ని నిద్రపుచ్చడమే రాదు. ఇన్నాళ్ళూ తువ్వాళ్ళ చాటున దాక్కుంది."

ఆ సాయంత్రం పాపని తీసుకోవడానికి వెళ్తే మేనేజరమ్మ గేటు దగ్గరే చెప్పేసింది. "ఈ వారం చూస్తానండీ. కుదరకపోతే పెద్దమ్మని కింద వంటగదికి మార్చి, పైకి కొత్తమ్మాయిని తెస్తాను. నాకు మాత్రం ఏం దారుంది?"

పెద్దమ్మ మా పాప సంచి పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. సంచి జిప్పు వేసింది. తీసింది. మళ్ళీ వేసి నాకిచ్చింది.

ఇంటికొచ్చాను గానీ మనసు అక్కడే ఉండిపోయింది. కొత్తమ్మాయంటే ఎవరు? పాపని ఏ చేత్తో ఎత్తుకుంటుంది? పాలు తాగించాక భుజం మీద వేసుకుని తడుతుందా, అలాగే పడుకోబెట్టేస్తుందా? పెద్దమ్మ మీదే నాకు నమ్మకం చాలడం లేదు, అలాంటిది ఇంకెవర్నో ఎలా నమ్మడం? సగం రోజు సెలవు పెట్టి ఆ గదిలో కూర్చుని చూసొస్తానని నా భార్యతో అన్నాను.

"వెళ్ళు. వచ్చేటప్పుడు మా ఆసుపత్రికి రా, నీ తలకి ఒక ఎక్స్‌రే తీస్తాను. లోపల ఇంకేమైనా మిగిలిందేమో చూద్దాం," అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఆవిణ్ణి మాత్రం మార్చనివ్వకు. పాప ఆవిడ దగ్గరికి వెళ్తే నా వంక తిరిగి కూడా చూడదు తెలుసా," అంది.

నేను వెళ్ళేసరికి పిల్లలు అన్నాలు తింటున్నారు. చిన్నమ్మ సీసాలు కడుగుతోంది. పెద్దమ్మ పక్కన నిలబడి, ఆరిన సీసాల మూతలు రంగుల వారీగా పేరుస్తోంది. అది ఆవిడ పని కాదు.

"రండి పోలీసుగారూ. సోదాకి వచ్చారా?" అంది చిన్నమ్మ.

"ఊరికే. చూసిపోదామని."

"చూడండి, చూడండి. మా అక్క చేతులు చూడండి ముందు. తువ్వాళ్ళు లాక్కున్న దగ్గర్నుంచీ నా వంటిల్లు దోచుకుంటోంది. నిన్న డబ్బాలన్నీ సర్దిపెట్టింది. ఉప్పేదో చక్కెరేదో తెలీక పిల్లల పాలలో ఉప్పేయబోయాను."

"మూతల మీద రంగు కాగితం అంటించానే," అంది పెద్దమ్మ.

"నాకు కాగితాలతో పనేంటి అక్కా? ఇన్నేళ్ళూ చెయ్యి పెట్టిన చోట ఉప్పుండేది."

పెద్దమ్మ కథ నాకు ఆ వంటగదిలోనే తెలిసింది, సగం ఆవిడ నోట, సగం చిన్నమ్మ నోట. ఇద్దరూ ముందు ఒక పెద్ద హోటల్లో దుప్పట్ల గదిలో పనిచేసేవారు. దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరుండాలి. ఆ కొస పెద్దమ్మ, ఈ కొస చిన్నమ్మ.

"పెళ్ళై వచ్చిన మర్నాడే నన్ను పనికి తీసుకెళ్ళింది," అంది చిన్నమ్మ. "కొత్త కోడల్ని కదా, ఏదో మంచి మాట చెబుతుందనుకున్నాను. ఆవిడ నాతో అన్న మొదటి మాటేంటో తెలుసా? 'గట్టిగా పట్టుకో.'"

"నువ్వు వదిలేసేదానివి మరి."

"ఇప్పటికీ అదే మాట."

హోటల్ మూతపడ్డాక ఇద్దరూ ఇక్కడికొచ్చారు. చిన్నమ్మకి వంటగది, పెద్దమ్మకి పిల్లలు.

"మొదట్లో మీకన్నా నేనే అధ్వానం బాబూ," అంది పెద్దమ్మ. "దుప్పటి కిందపడితే మళ్ళీ ఉతుక్కుంటాం. వీళ్ళు అట్లా కాదు కదా. ఒకరి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అమ్మయ్య, బానే ఉన్నాడనుకుని పక్కవాడి దగ్గరికి. అట్లా ఆ చివరికి వెళ్ళేసరికి ఈ చివర వాడు లేచి కూర్చునేవాడు. మళ్ళీ మొదలు."

"పైన కచేరీ, కింద నేను పాలు కాచడం. ఆ గోలలో పాలు పొంగిపోని రోజు లేదంటే నమ్మండి," అంది చిన్నమ్మ.

"అప్పుడు కూడా పంపించేద్దామనే అనుకున్నారు నన్ను. ఒకరోజు బట్టలుతికే ఆవిడ రాలేదు. ఆరిన తువ్వాళ్ళన్నీ ఎవరో తెచ్చి పైన బల్ల మీద పడేశారు. చేతులు ఊరుకోక మడతపెడుతూ కూర్చున్నాను. చూద్దును కదా, అందరూ పడుకున్నారు. నాకైతే ఎందుకో తెలీదు."

నాకు తెలుసనిపించింది. "ఒకే తీరుగా వచ్చే చప్పుడు ఉంటుంది కదా పెద్దమ్మా, దానికి పిల్లల మెదడు..."

"అబ్బో, ఇక పరీక్షనాళాలు తెస్తారు," అంది చిన్నమ్మ.

పెద్దమ్మ నవ్వలేదు. నా మాట పూర్తయ్యేదాకా విని, "కావచ్చు," అంది. "అయినా అన్ని రోజులూ పడుకోరు. పళ్ళు వచ్చేటప్పుడు తువ్వాళ్ళు కాదు, ఆకాశం మడతపెట్టినా పడుకోరు."

"మరి మీ భయం పోయిందా?"

"ఎక్కడికి పోతుంది? నాతోపాటే వస్తుంది, నాతోపాటే డ్యూటీ దిగుతుంది. తువ్వాళ్ళుంటే దాని చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టేదాన్ని. ఇప్పుడు కుర్చీలో ఇద్దరం ఖాళీగా కూర్చుంటున్నాం."

పిల్లల్ని పైకి తీసుకెళ్ళాం. నేను తలుపు పక్కన నేల మీద కూర్చున్నాను. పొట్టి బల్ల మీద లాండ్రీ నుంచి వచ్చిన మూట, ప్లాస్టిక్ కవరులో అట్టముక్కల్లా బిగుసుకుని ఉన్న తువ్వాళ్ళు. పెద్దమ్మ కుర్చీలో కూర్చుంది. గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దమే బాగాలేదు. ఏ మంచం కిర్రుమన్నా పెద్దమ్మ ఉలిక్కిపడేది, ఆవిణ్ణి చూసి నేను, మా ఇద్దర్నీ చూసి పిల్లలు. తుమ్ములయ్య తుమ్మాడు. బుంగమూతి లేచి ఊచలు పట్టుకుని నిలబడింది. పెద్దమ్మ వేళ్ళు యాప్రాన్ అంచుని చుట్టి విప్పుతున్నాయి. ఆవిడ ఒకసారి కెమెరా వంక చూసింది.

నేను పాప వంక చూశాను. ఊచల మధ్యలోంచి సగం తెరిచిన కన్ను నా వంకే చూస్తోంది. ఇద్దరు పోలీసులం ఒకరికొకరం కాపలా కాస్తున్నాం.

ఇక నావల్ల కాలేదు. ఏదో ఒకటి చెయ్యకపోతే లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టేస్తానని తెలుసు. కవరులోంచి ఒక తువ్వాలు లాగి, మడత విప్పి, మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టాను. ఒక మూల ఎక్కువైంది. విప్పి మళ్ళీ పెట్టాను. ఈసారి ఇంకో మూల.

పెద్దమ్మ కాసేపు చూసింది. ఓర్చుకుంది. ఓర్చుకోలేక కుర్చీలోంచి లేచి వచ్చింది.

"అదేం మడత బాబూ? పిల్లి ముడుచుకుని పడుకున్నట్టుంది," అని గుసగుసగా అంటూ నా చేతిలోంచి లాక్కుంది.

గాలిలో ఒకసారి ఝాడించింది. ఫట్. సగానికి మడిచి అరచేత్తో రాసింది. మళ్ళీ సగం, మళ్ళీ రాయడం. దాన్ని పట్టుకుని మంచాల పక్కగా నడిచింది. కెమెరా తలుపు పైన ఉంది, నేను దాని కింద ఒక పక్కగా ఉన్నాను. ఇన్నాళ్ళూ కెమెరాకి కనిపించిన వీపే నాకూ కనిపించింది. కానీ ఈసారి ఆవిడ తల కూడా చూశాను. ప్రతి మంచం దగ్గరా అది కొంచెం పక్కకి తిరుగుతోంది. ఆగకుండానే ఒక దుప్పటి కిందికి లాగింది. ఊచల్లోంచి బయటికొచ్చిన పాదాన్ని మోకాలితో లోపలికి నెట్టింది. అరలో తువ్వాలు పెట్టి ఇటు తిరిగేసరికి, ఫోన్‌లో ఎప్పుడూ మసకగా ఉండే మొహం స్పష్టంగా కనిపించింది. కళ్ళు అటువైపు నుంచి మళ్ళీ ఒక్కో మంచాన్నీ చూసుకుంటూ వస్తున్నాయి. వేలు పెట్టడం లేదు. వంగడం లేదు. పిల్లలకి ఎవరో తమని చూస్తున్నట్టే లేదు. ఎవరో పని చేసుకుంటున్నట్టుంది.

నేను ఇంకో తువ్వాలు విప్పి అందించాను. ఫట్. రాయడం. నడక.

బుంగమూతి ఊచలు వదిలి కూలబడింది. ఇంకో తువ్వాలు, ఇంకో నడక. నా పక్క మంచంలో ఎవరో పెద్ద నిట్టూర్పు విడిచి బొటనవేలు నోట్లో పెట్టుకున్నారు.

"అన్నీ ఒకేసారి తీసుకెళ్తే?" అని గొణిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

ఆవిడ నా వంక వింతగా చూసింది. "తీసుకెళ్తే అయిపోతుంది కదా," అంది.

మేనేజరమ్మ ఒకప్పుడు దయతలచి ఆ అరని ఈ బల్ల పక్కకే జరిపించిందట. పెద్దమ్మ మర్నాడే బతిమాలి మళ్ళీ ఆ చివరికి పెట్టించుకుంది. ఎందుకని మేనేజరమ్మా అడగలేదు, ఈవిడా చెప్పలేదు.

నా జేబులో ఫోన్ వణికింది. లాయరుగారు.

"ఏంటండీ అది? మడతపెట్టిన తువ్వాళ్ళు విప్పి మళ్ళీ మడతపెడుతున్నారా? ఆవిడకి మతిపోయిందనుకుంటే మీకేమైంది?"

"మెల్లగా మాట్లాడండి. మీవాడు ఇప్పుడే పడుకున్నాడు."

"ఎవరు, మావాడా?"

"కిటికీ పక్కనే కదా. చూడండి."

ఈసారి కోర్టులో వినిపించే గొంతు కాక వేరే గొంతు వినిపించింది.

"కదలడం లేదేంటండీ? ఊపిరి తీసుకుంటున్నాడా?"

అది నా ప్రశ్న. మాట కూడా దాదాపు అదే.

"పెద్దమ్మ ఇప్పుడే చూసి వెళ్ళింది."

"చూసిందా? నాకు వీపే కనిపించింది."

"వెనక్కి వచ్చేటప్పుడు తల చూడండి. తల మాత్రమే చూడండి."

పెద్దమ్మ అర దగ్గర తిరిగింది. కిటికీ పక్క మంచం దగ్గర తల వంచింది. తుమ్ములయ్య మెడ కిందికి చేరిన దుప్పటి అంచుని రెండు వేళ్ళతో తప్పించి, నడిచి వచ్చేసింది. ఫోన్‌లో లాయరుగారి ఊపిరి వినిపిస్తోంది. ఆయన పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. ఇంకో తువ్వాలు వెళ్ళి వచ్చింది.

"ఏమండీ," అన్నాడాయన చివరికి. "తొందరేం లేదని చెప్పండి ఆవిడకి. ఒక్కొక్కటే తీసుకెళ్ళమనండి."

ఆ సాయంత్రం లాయరుగారూ నేనూ మేనేజరమ్మ ముందు కూర్చున్నాం. ఆవిడ తల పట్టుకుంది. "తువ్వాళ్ళు వద్దన్నది మీరే, కావాలనేది మీరే. ఇప్పుడు లాండ్రీవాళ్ళకి ఏం చెప్పను? ఉతకండి గానీ మడతపెట్టకండి అంటే నన్నేమనుకుంటారు?" అంది. అయినా చెప్పింది. వాళ్ళు ఆవిడ మాట నమ్మక, మళ్ళీ ఫోన్ చేసి కనుక్కున్నారట. పెద్దమ్మ పైనే ఉండిపోయింది. కుర్చీ కిందికి దిగింది. చిన్నమ్మ దాని మీద కూర్చుని బీన్స్ తరుగుతుంది.

అందరికీ నచ్చలేదు. ఒక తల్లి పాపని వేరే క్రెష్‌కి మార్చుకుంది. ఆమెని నేనేమీ అనలేను. ఆ వీపు చూస్తూ ఆఫీసులో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కెమెరా ఇంకా ఉంది, నేను ఇంకా చూస్తాను. కాకపోతే ల్యాబ్‌లో ఇప్పుడు ఫోన్ చేతిలో ఉండదు, ఆ చివర కిటికీలో ఉంటుంది. ఒక ట్యూబు పని పూర్తయితే, దాన్ని కడిగేచోట పెట్టడానికి అటు వెళ్తాను కదా, అప్పుడు ఒకసారి చూస్తాను. తిరిగొచ్చి రెండో ట్యూబు పట్టుకుంటాను. "ఏంటి బాబూ, ఒక్కొక్కటే మోస్తున్నావు?" అని మా సీనియర్ మేడమ్ అడిగింది. డాక్టరు నడవమన్నాడని చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లో బట్టలు మడతపెట్టేది ఇప్పుడు నేనే. మూలలు ఇంకా కలవవు. నా భార్య గుమ్మంలో నిలబడి, తన ఉద్యోగంలో చూసిన విరిగిన ఎముకలు కూడా ఇంతకన్నా తిన్నగా ఉంటాయని అంటుంది. పాప ఒక కన్ను సగం తెరిచి పడుకుంటుంది. నాలో ఏదో గుంజుతూనే ఉంటుంది, వెళ్ళు, వేలు పెట్టి చూడు అని. చేతిలో చొక్కా సగం మడతలో ఉంటుంది కాబట్టి వెళ్ళను.

మేనేజరమ్మతో మాట్లాడి వచ్చిన ఆ సాయంత్రమే, గేటు దగ్గర పెద్దమ్మనే అడిగాను. ఇక్కడ సరే, ఇంట్లో నేనేం చెయ్యాలని.

"మీ ఇంట్లో బట్టలుతుక్కోరా?" అంది.

"ఉతుక్కుంటాం."

"మడత ఎవరు పెడతారు?"

వంటగది కిటికీలోంచి చిన్నమ్మ నవ్వు వినిపించింది.

పెద్దమ్మ పాప సంచి జిప్పు ఒక్కసారే వేసి నా భుజానికి తగిలించింది. "అన్నీ ఒకేసారి ఎత్తుకోకండి బాబూ. ఒకటి మడతపెట్టండి. లేచి వెళ్ళి పెట్టి రండి. పోతూ ఒకసారి పాపని చూడండి, వస్తూ ఒకసారి చూడండి. మధ్యలో మాత్రం చేతిలో ఉన్న బట్టనే చూడండి."